సంసారం గుట్టు, రోగం రట్టు: దెబ్బల నుంచి కోలుకునే దారి ఎవరు వేశారు? (వాడ ఆడవాళ్ళ చరిత్ర – 9)



మన పెద్దవాళ్ళు తరచూ వాడే సామెత ఒకటుంది: "సంసారం గుట్టు, రోగం రట్టు". రోగమొస్తే నలుగురికీ చెప్పుకో, ఎవరో ఒకరు మందు చెప్తారు. సంసారంలో బాధొస్తే మాత్రం నోరు కుట్టేసుకో. మరి మొగుడు కొట్టిన దెబ్బకి చెయ్యి విరిగితే అది సంసారం కిందికొస్తుందా, రోగం కిందికొస్తుందా? గవర్నమెంటాసుపత్రి ఓపీలో "బాత్‌రూంలో జారిపడ్డాను" అని చెప్పే ఆడమనిషి ఈ సామెతనే పాటిస్తోంది. ఎముక విరిగిందని చెప్తుంది. ఎవరు విరగ్గొట్టారో చెప్పదు.

ఈ గుట్టు ఎంత లోతైనదో లెక్కలున్నాయి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ళ వయసున్న, పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకి గురైనవాళ్ళు దేశం మొత్తం మీద 29.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. తెలంగాణలో 36.9 శాతం. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అని చెప్పిన ఆడవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ 83 శాతం పైనే ఉన్నారు. అన్నిటికంటే నన్ను ఆపేసిన అంకె ఇంకోటి. దేశవ్యాప్తంగా హింస అనుభవించిన ఆడవాళ్ళలో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు కూడా. సాయం అడిగినవాళ్ళు 14 శాతం.

ఈ భాగంలో నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ 14 శాతం మంది నడిచిన దారి గురించి. కౌన్సెలింగ్, హెల్ప్‌లైన్, షెల్టర్ హోమ్, ప్రొటెక్షన్ ఆఫీసర్, సఖి కేంద్రం. ఈ మాటలన్నీ ప్రభుత్వ పోస్టర్ల మీద కనబడి, అవేవో సర్కారు దయతో పుట్టినట్టు అనిపిస్తాయి. వాటి వెనక నూట అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మనవాళ్ళ చెమట చాలా ఉంది. ఆ చరిత్ర తెలిస్తేనే ఈ సేవల్లో ఏది మనకి పనికొస్తుందో, ఎక్కడ మనల్ని వెనక్కి తోస్తుందో అర్థమవుతుంది.

ఓలి, తెగతెంపులు, పెద్దమనుషులు

ముందు మన వాడల సంగతే చూద్దాం. మాల మాదిగ కులాల్లోనూ, చాలా శూద్ర కులాల్లోనూ విడిపోవడం, మారుమనువు చేసుకోవడం ఆచారంగా ఉండేవి. కట్నం మన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు పిల్లవాడి వైపువాళ్ళే ఓలి ఇచ్చేవాళ్ళు. కాపురం కుదరకపోతే కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకుని, ఓలి లెక్క తేల్చుకుని, ఎవరి దారి వాళ్ళు చూసుకునేవాళ్ళు. ఈ ఆచారాన్ని 1955 హిందూ వివాహ చట్టం కూడా కాదనలేదు. 29వ సెక్షన్‌లో ఆచారం ప్రకారం వచ్చే విడాకుల హక్కుని అలాగే ఉంచింది.

దీన్ని చూపించి "మన ఆడవాళ్ళు ఎప్పుడూ స్వేచ్ఛగానే ఉన్నారు, గృహహింస అగ్రకులాల సమస్య" అనే మిత్రులున్నారు. తొందరపడొద్దు. తలుపు ఉంది, నిజమే. ఆ తలుపు తాళం ఎవరి చేతిలో ఉంది? రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనుషులంతా మగవాళ్ళే. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "నువ్వేం చేశావు, వాడెందుకు కొట్టాడు?" అనే. దండుగ వేసినా అది కులం ఖాతాకో, ఆ సాయంత్రం సారా ఖర్చుకో పోతుంది. దెబ్బలు తిన్న మనిషికి మందు ఖర్చు కూడా దక్కదు. బయటికి పోయే హక్కు ఉంది గానీ ఉన్నచోట దెబ్బలు లేకుండా ఉండే హక్కు లేదు. పిల్లలతో పోయి ఎక్కడుండాలన్న దానికి జవాబు లేదు.

ఈ తేడా గుర్తుంచుకోండి. వ్యాసం మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

పూణే 1863, నాగపూర్ 1942

మన దేశంలో ఆడవాళ్ళకి ఆశ్రయం చరిత్ర చెప్పేటప్పుడు చాలామంది సంస్కర్తల వితంతు శరణాలయాల దగ్గర మొదలుపెడతారు. నేను 1863 పూణేలో మొదలుపెడతాను. సావిత్రీబాయి, జోతిరావు ఫూలే తమ దగ్గర బాలహత్యా ప్రతిబంధక గృహం తెరిచారు. గర్భవతులైన వితంతువులు, ముఖ్యంగా బ్రాహ్మణ వితంతువులు, పరువు పేరుతో బిడ్డల్నో ప్రాణాలో తీసుకోకుండా అక్కడికొచ్చి కాన్పు చేయించుకోవచ్చు. అలా వచ్చిన కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు బిడ్డనే ఫూలే దంపతులు యశ్వంత్‌గా పెంచుకున్నారు. ఒక శూద్ర దంపతులు బ్రాహ్మణ స్త్రీలకి ఆశ్రయం ఇచ్చారు. "ఎవరి వల్ల జరిగింది?" అని విచారణ పెట్టలేదు. ముందు ప్రాణం, ముందు చోటు. ఈ రోజు షెల్టర్ హోమ్ నియమావళిలో రాసుకునే మొదటి సూత్రం ఇదే.

తర్వాత 1942 జూలై, నాగపూర్. అఖిల భారత అణగారిన వర్గాల మహిళా మహాసభ. అధ్యక్షురాలు సులోచనాబాయి డోంగ్రే. వేలాది దళిత స్త్రీలు వచ్చిన ఆ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ మాట్లాడారు. ఒక సమాజం ఎంత ముందుకెళ్ళిందో ఆ సమాజంలోని ఆడవాళ్ళ ప్రగతిని బట్టే కొలుస్తానన్నది అందరం పోస్టర్లేసుకునే మాట. ఆ సభలోనే ఆయన చెప్పిన ఇంకో మాట పోస్టర్ల మీద తక్కువగా కనబడుతుంది. పెళ్ళయిన ప్రతి ఆడపిల్లా భర్తకి ఎదురుగా నిలబడాలి, అతనికి స్నేహితురాలిగా, సమానురాలిగా ఉండాలి, బానిసగా ఉండటానికి ఒప్పుకోకూడదు అని ఆయన అన్నారు. వినండి. ఊరి దొర ముందు నిలబడమని చెప్పిన మనిషే మొగుడి ముందు కూడా నిలబడమన్నాడు.

హిందూ కోడ్ బిల్లు చర్చలో విడాకుల మీద సనాతనులు గోల చేసినప్పుడు ఆయన ఇచ్చిన జవాబు మన వాడల్లోంచే తీసుకున్నది. శూద్రుల్లో విడాకులు ఎప్పట్నుంచో ఆచారంగా ఉన్నాయి, హిందువుల్లో అత్యధికులు వాళ్ళే, కాబట్టి ఈ చట్టం కొత్తగా తెచ్చిపెట్టేదేమీ లేదు అని వాదించారు. మన మారుమనువు ఆచారం పార్లమెంటులో దేశంలోని ఆడవాళ్ళందరి తరఫునా సాక్ష్యం చెప్పింది. బిల్లుని నీరుగార్చినందుకు, ఇంకా కొన్ని కారణాలకి, 1951 సెప్టెంబర్‌లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు.

హైదరాబాద్: స్టేషన్ అంటే భయం ఎందుకు?

చట్టాలొచ్చాయి సరే. దెబ్బలు తిన్న మనిషి ఎక్కడికి వెళ్ళాలి? పోలీస్ స్టేషన్‌కా? 1972లో మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద స్టేషన్‌లోనే అత్యాచారం జరిగింది. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ మీద పోలీసులే అత్యాచారం చేశారని, ఆమె భర్త వాళ్ళ దెబ్బలకే చనిపోయాడని నగరం భగ్గుమంది. ఆదివాసీ, ముస్లిం, దళిత స్త్రీకి స్టేషన్ గడప తొక్కడమంటే ఇంకో ప్రమాదంలోకి నడవడమే. ఇప్పటికీ మన అమ్మలు "స్టేషన్‌కి వద్దులే" అంటే అది అమాయకత్వం అనుకోకండి. అది చరిత్ర నేర్పిన పాఠం.

ఆ కాలంలోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ళ సంఘాలు లేచాయి. 1974లో ప్రగతిశీల మహిళా సంఘం, ఆ దశాబ్దం చివర్లో స్త్రీశక్తి సంఘటన. వరకట్న చావుల మీద ఊరేగింపులు తీశారు. స్టవ్ పేలి చనిపోయిందన్న ప్రతి వార్త వెనకా ఏముందో అడిగారు. దేశమంతా సాగిన ఆ ఒత్తిడి వల్లే 1983లో ఐపీసీలో 498ఎ వచ్చింది. భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వం మొదటిసారి నేరమైంది. (2024 జూలై 1 నుంచి అదే విషయం భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్.) 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది. ఆ కోర్టులు కావాలని 1950ల నుంచే అడిగిన మనిషి మన రాజమండ్రి ఆడబిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆమే మొదటి అధ్యక్షురాలు. ఆ బోర్డే తర్వాత 1980లలో స్వచ్ఛంద సంస్థల ద్వారా ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటర్లు నడిపించింది.

1984లోనే ఇంకో ప్రయోగం జరిగింది. ముంబై పోలీస్ కమిషనర్ ఆఫీసులో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వాళ్ళు ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. స్టేషన్ ఆవరణలోనే యూనిఫాం లేని సోషల్ వర్కర్ కూర్చుంటుంది. వచ్చినామెని పోలీసు భాషలో ప్రశ్నించదు. ఏం జరిగిందో వింటుంది, ఏమేం దారులున్నాయో చెప్తుంది, ఎఫ్ఐఆర్ కావాలంటే పక్కనుండి రాయిస్తుంది. 2000-01 కాలంలో ముంబైలోనే బాంద్రా భాభా ఆసుపత్రిలో "దిలాసా" కేంద్రం మొదలైంది. ఆడవాళ్ళు స్టేషన్‌కి రాకపోవచ్చు గానీ ఆసుపత్రికి వస్తారు కదా అన్నది దాని ఆలోచన. నర్సులకీ డాక్టర్లకీ "ఈ దెబ్బ ఎలా తగిలింది?" అని అడగడం నేర్పారు. మన సామెతలో రోగానికీ సంసారానికీ మధ్య ఉన్న గోడని పగలగొట్టింది ఆ ప్రశ్నే.

దూబగుంట: పేరు పెట్టని కౌన్సెలింగ్

ఇక మన నేలకి వద్దాం. నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం కింద రాత్రిబడులు నడిచాయి. పొద్దంతా కూలికెళ్ళి వచ్చిన ఆడవాళ్ళు లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుబోతు భర్త వల్ల నాశనమైన ఆడమనిషి కథ. అది చదివాక ఒకామె తన ఇంటి సంగతి చెప్పింది. పక్కామె తన సంగతి చెప్పింది. ప్రతి ఇంట్లోనూ అదే కథ అని తెలిసింది. కూలి డబ్బులు సారా కొట్టుకి, సారా తాగినవాడి చెయ్యి పెళ్ళాం వీపుకి.

మిగతాది మీకు తెలిసిందే. రోసమ్మ లాంటి ఆడవాళ్ళు ముందు నడిచారు. 1992లో సారా కొట్లు మూయించారు, వేలంపాటలు ఆపేశారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

దీన్ని మనం మద్యనిషేధ ఉద్యమం అని మాత్రమే చదువుతాం. దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో నడిపిన ఈ ఉద్యమం గృహహింస మీద జరిగిన పోరాటం కూడా. ఆ రాత్రిబడిలో జరిగిందేమిటో చూడండి. ఒకామె చెప్పింది, మిగతావాళ్ళు నమ్మారు, "నాకూ ఇంతే" అన్నారు. సిగ్గు ఒక్కదాని నెత్తిమీద నుంచి దిగిపోయింది. సైకాలజీ పుస్తకాల్లో దీన్ని గ్రూప్ కౌన్సెలింగ్ అంటారు. ఎంత మంది డిగ్రీలున్న కౌన్సెలర్లని పెట్టినా ఆ మొదటి మెట్టు ఇదే: చెప్పే మనిషి, నమ్మే మనుషులు. ఆ అనుభవం మీదే తర్వాత పొదుపు సంఘాలు బలపడ్డాయి. గ్రామాల్లో ఆడవాళ్ళ తగాదాలు ఆడవాళ్ళే కూర్చుని వినే కమిటీలు కూడా వాటిలోంచే వచ్చాయి.

ఐతే ఒక పరిమితి కూడా చెప్పాలి. సారా పోతే దెబ్బలు పోతాయనుకున్నాం. తాగనివాడు కూడా కొడతాడు. తాగినవాడు కూడా దొర మీద చెయ్యెత్తడు, పెళ్ళాం మీదే ఎత్తుతాడు. ఎవరి మీద చెయ్యెత్తొచ్చో మత్తులో కూడా వాడికి గుర్తుంటుంది.

"దళిత స్త్రీలు వేరుగా మాట్లాడతారు"

1995లో రూత్ మనోరమ నాయకత్వంలో దళిత స్త్రీల జాతీయ సమాఖ్య ఏర్పడింది. అదే ఏడాది గోపాల్ గురు దళిత స్త్రీలు వేరుగా మాట్లాడటం గురించి రాసిన వ్యాసం పెద్ద చర్చ రేపింది. అగ్రకుల స్త్రీవాదం కులాన్ని చూడదు, దళిత నాయకత్వం ఇంట్లో మగాధిపత్యాన్ని చూడదు. ఇద్దరి మధ్య నలిగే గొంతు మాదే అని మన ఆడవాళ్ళు తేల్చి చెప్పారు. తెలుగులో చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, గోగు శ్యామల రాతలు చదివినవాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. శ్యామల సంకలనం చేసిన "నల్లపొద్దు" (2003) మన విద్యార్థులందరూ చదవాల్సిన పుస్తకం.

ఈ గొంతుకి అంకెలు కూడా తోడయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో 500 మంది దళిత స్త్రీలతో మాట్లాడి చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. వాళ్ళలో 43 శాతం మంది ఇంట్లో హింస అనుభవించామన్నారు. బయట అగ్రకులాల చేతిలో తిన్నవి, తిట్లు, దెబ్బలు, లైంగిక వేధింపులు, ఆ పుస్తకం నిండా ఉన్నాయి. రెండూ ఒకే ఒంటి మీద పడ్డవి. బయట తిన్న దెబ్బకి జెండా పట్టుకుని వచ్చే మనం ఇంట్లో తిన్న దెబ్బ దగ్గర "అది వాళ్ళ కుటుంబ విషయం" అంటే, ఆమె ఒంట్లో సగానికే న్యాయం చేసినట్టు.

2005 చట్టం: కౌన్సెలింగ్‌కీ రాజీకీ తేడా

గృహహింస నుంచి స్త్రీల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లోకొచ్చింది. 498ఎ శిక్షించడానికి. ఈ చట్టం ముందు కాపాడటానికి. కొట్టడమే కాదు, అవమానించడం, తిట్టడం, కూలి డబ్బులు లాక్కోవడం, లైంగిక బలవంతం కూడా హింసేనని రాసింది. ఆమె పేరు మీద ఇల్లు లేకపోయినా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. వచ్చి కొట్టకుండా ఆర్డర్, ఖర్చులకి డబ్బు, పిల్లల్ని తన దగ్గర ఉంచుకునే హక్కు, నష్టపరిహారం, అన్నీ ఒకే మేజిస్ట్రేట్ దగ్గర. అదే ఏడాది మన దగ్గర భూమిక పత్రిక వాళ్ళు స్త్రీల కోసం హెల్ప్‌లైన్ మొదలుపెట్టారు. ఫోన్‌లో, తెలుగులో, వినే మనిషి దొరికింది.

మా డిగ్రీ కాలేజీలో ఒకమ్మాయి నన్నడిగిన ప్రశ్న ఇక్కడ చెప్పాలి. "మేడం, మా అమ్మని కౌన్సెలింగ్‌కి తీసుకెళ్తే మళ్ళీ నాన్న దగ్గరికే పంపించేస్తారా?" అంది. వాళ్ళ ఊళ్ళో చాలామందికి కౌన్సెలింగ్ అంటే అదే అర్థం. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "నువ్వు తగ్గు, నువ్వు సర్దుకో" అని చెప్పి, తెల్లకాగితం మీద సంతకాలు తీసుకుని బస్సెక్కించడం. రచ్చబండకి ఫ్యాను పెట్టినట్టు.

చట్టం చెప్పేది వేరు. 2006 నియమాల్లో 13, 14 చూడండి. కౌన్సెలింగ్‌లో భర్త తాను కొట్టడానికి కారణాలు చెప్పుకుని సమర్థించుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి మొదలుపెట్టే ముందే అతనికి చెప్పాలి. మళ్ళీ హింస జరగదన్న హామీ తీసుకోవడమే కౌన్సెలింగ్ ఉద్దేశం. భర్త తరఫు బంధువుగానీ, కేసులో ఆసక్తి ఉన్నవాళ్ళుగానీ కౌన్సెలర్‌గా ఉండకూడదు. వీలైనంతవరకు కౌన్సెలర్ స్త్రీ అయి ఉండాలి. "నువ్వేం చేశావు, వాడెందుకు కొట్టాడు?" అన్న రచ్చబండ మొదటి ప్రశ్నని ఈ నియమం రద్దు చేసింది. కాబట్టి ఎవరైనా కౌన్సెలింగ్ పేరుతో ఆ ప్రశ్న అడిగితే, "మేడం, 14వ రూల్ చూడండి" అని చెప్పే హక్కు మీకుంది.

2012 ఢిల్లీ ఘటన తర్వాత ఉషా మెహ్రా కమిషన్ ఒకే చోట అన్ని సేవలూ ఉండాలని సూచించింది. 2015 ఏప్రిల్ నుంచి నిర్భయ నిధితో వన్ స్టాప్ సెంటర్ల పథకం వచ్చింది. వీటినే సఖి కేంద్రాలంటున్నాం. వైద్యం, పోలీసు సాయం, లాయరు, కౌన్సెలింగ్, కొద్ది రోజుల బస, అన్నీ ఒకే కప్పు కింద. 181 హెల్ప్‌లైన్ దానికి తలుపు లాంటిది.

కోలుకోవడం అంటే ఏం జరుగుతుంది?

కేసు గెలవడం, కోలుకోవడం ఒకటి కాదు. అమెరికన్ సైకియాట్రిస్టు జ్యుడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకంలో కోలుకోవడంలో మూడు దశలు చెప్పారు: ముందు భద్రత, తర్వాత జరిగింది గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్ళీ మనుషులతో కలవడం. మన భాషలో చెప్పాలంటే ముందు ప్రాణం కుదుటపడాలి, తర్వాత గుండె బరువు దిగాలి, తర్వాత నలుగుర్లోకి రావాలి.

మంచి కౌన్సెలర్ మొదటి రోజు విడాకుల గురించి మాట్లాడదు. "ఈ రాత్రి ఇంటికెళ్తే ప్రమాదముందా? చంపేస్తానన్నాడా? మెడ నొక్కాడా? పిల్లలెక్కడున్నారు?" అని అడుగుతుంది. ఎందుకంటే విడిచి వెళ్ళాలనుకున్నప్పుడే, వెళ్ళిన కొత్తలోనే ప్రమాదం ఎక్కువ. అందుకే ఒక పథకం వేస్తారు. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, జాబ్ కార్డు, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు ఒక సంచిలో సర్ది నమ్మకమైనవాళ్ళింట్లో పెట్టుకోవడం. కొంత చిల్లర డబ్బు దాచుకోవడం. పక్కింటామెతో ఒక గుర్తు అనుకోవడం. దెబ్బలు తగిలితే ఆసుపత్రిలో నిజం రాయించుకోవడం.

ఆ తర్వాతది నెమ్మదిగా జరుగుతుంది. నిద్ర పట్టదు. గ్లాసు కింద పడ్డా ఉలిక్కిపడుతుంది. "నాదే తప్పేమో" అనుకుంటుంది. కొన్నిసార్లు తిరిగి వెళ్ళిపోతుంది కూడా. ఇక్కడే మనలో చాలామంది విసుక్కుంటాం: "ఇంత చేశాం, మళ్ళీ వాడి దగ్గరికే పోయింది." అద్దె కట్టే దారి లేక, పిల్లల బడి పోతుందని, తమ్ముడి పెళ్ళి ఆగిపోతుందని పోతుంది. తలుపు మూసేయకండి. రెండోసారి వచ్చినప్పుడు "నేను చెప్పలేదా?" అనకుండా ఉన్న మనిషి దగ్గరికే మూడోసారి వస్తుంది. నిర్ణయం ఆమెది. ఏళ్ళ తరబడి ప్రతి నిర్ణయం ఇంకొకడు తీసుకున్న మనిషికి, తన నిర్ణయం తను తీసుకోవడమే కోలుకోవడంలో పెద్ద భాగం.

సేవల్లో కులం, ఉద్యమంలో మగతనం

ఈ సేవలన్నీ మన గడప దాకా వచ్చాయా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా ఐసీడీఎస్ ప్రాజెక్ట్ డైరెక్టర్లనే ప్రొటెక్షన్ ఆఫీసర్లుగా పెట్టారు. వంద పనుల మధ్య ఇది నూట ఒకటోది. కేంద్రం జిల్లా కేంద్రంలో ఉంటే, వాడ నుంచి అక్కడికి పోవడానికి ఒక రోజు కూలి, బస్సు చార్జీ. వెళ్ళాక "మీవాళ్ళల్లో ఇది మామూలేగా" అన్న మాట వినబడితే ఆమె ఇంకెప్పుడూ రాదు. ఆ మాటలో కులం ఉంది. మనవాళ్ళు దెబ్బలు తినడానికే పుట్టారన్న నమ్మకం ఉంది.

కులాంతర పెళ్ళి చేసుకున్న దళిత అమ్మాయిల సంగతి ఇంకా క్లిష్టం. అత్తింట్లో కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టంలోని అవమానం సెక్షన్‌కి "జనం చూస్తుండగా" అన్న షరతుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాటకి అది వర్తించదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తిట్టు గృహహింస చట్టం కింద మాత్రం మాటల, మానసిక హింస అవుతుంది. ఒక తలుపు మూసుకుంటే రెండోది ఉందని ఆ అమ్మాయికి ఎవరు చెప్తారు? మనమే చెప్పాలి.

ఇక మన ఉద్యమం సంగతి. "ఇప్పుడు కేసు పెడితే మనవాడి మీద పోలీసులు పగబడతారు", "శత్రువుకి అవకాశమిచ్చినట్టవుతుంది", "అన్న మంచి కార్యకర్త, ఇంటి విషయాలు వదిలేద్దాం". ఈ మాటలు ఎన్ని మీటింగుల్లో విన్నాం! పోలీసులు దళిత మగవాడి మీద కులం చూసి చెయ్యి చేసుకుంటారన్న భయం నిజమే. అందుకే స్టేషన్ ఒక్కటే దారి కాకుండా ప్రొటెక్షన్ ఆఫీసర్, మేజిస్ట్రేట్, సఖి కేంద్రం అనే సివిల్ దారి ఉందని తెలుసుకోవాలి. ఆ భయాన్ని ఆమె నోటికి తాళంగా వాడుకోవడం మాత్రం అంబేద్కరిజం కాదు. నాగపూర్ సభలో బాబాసాహెబ్ చెప్పింది ఈ మీటింగులకి కూడా వర్తిస్తుంది.

చేయగలిగినవి

విద్యార్థులు, కార్యకర్తలు ఇవి రాసిపెట్టుకోండి.

గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి సమాచారం ఇవ్వొచ్చు. సదుద్దేశంతో ఇస్తే మీ మీద ఏ కేసూ ఉండదు. పక్కింటి కేకలు విని టీవీ సౌండ్ పెంచాల్సిన పనిలేదు. ఐతే ఆమెతో మాట్లాడి, ఆమె భద్రత చూసుకుని చేయండి.

ఫిర్యాదు తీసుకున్న పోలీసు అధికారి ఆమెకున్న హక్కుల్ని, ఉచిత న్యాయ సహాయాన్ని తెలియజేయాలని 5వ సెక్షన్ చెప్తుంది. మేజిస్ట్రేట్ దగ్గర అర్జీ పడ్డాక మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా ఉండాలి. అక్కడి నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. తేలదు, తెలుసు. అడగడానికి మాత్రం ఈ గడువు చేతిలో ఉంచుకోండి.

1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలందరికీ, ఎస్సీ ఎస్టీలందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు ఇవ్వాలి. దళిత స్త్రీకి రెండు విధాలా హక్కుంది. నంబర్ 15100. స్త్రీల హెల్ప్‌లైన్ 181. అత్యవసరమైతే 112. నిద్ర పట్టక, బతకాలనిపించక బాధపడేవాళ్ళు మాట్లాడటానికి టెలీ మానస్ 14416, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

అన్నిటికంటే ముందు ఒక పని. మీ జిల్లా సఖి కేంద్రం ఎక్కడుందో ఈ వారం స్వయంగా వెళ్ళి చూసి రండి. ఏ బస్సెక్కాలి, రాత్రి ఎవరుంటారు, మాట ఎలా ఉంది అన్నవి తెలుసుకోండి. అంబేద్కర్ భవన్ గోడ మీద జయంతి పోస్టర్ పక్కన ఆ అడ్రసు, 181 నంబరు రాయండి. హాస్టల్ నోటీసు బోర్డు మీద రాయండి. అది చదివి ఆ 77 శాతంలో ఒక్క మనిషి నోరు విప్పినా, మీరు రాసింది వృథా కాదు.

వచ్చే భాగంలో జోగినీ వ్యవస్థ మీద హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ మొదలుపెట్టిన పోరాటం గురించి. మీ జిల్లా కేంద్రానికి వెళ్ళొచ్చిన అనుభవాలు రాయండి. ఎవరి పేర్లూ, గుర్తుపట్టే వివరాలూ మాత్రం రాయకండి.

జై భీమ్. జై సావిత్రీబాయి.